పదునైనది : ఒక వానమాట పూర్వాపరములు

ఉదయము ఎనిమిదిన్నర గంటలతో ముగిసిన ఇరువది నాలుగు గంటలలో ఏ ఊరిలో ఎంత వాన పడినదో మిల్లీమీటర్లలో చదివి వినిపించుట వానకాలములో మా నిత్యకృత్యములలో ఒకటి. ఆదోనిలో ఇంత, ఆళ్లగడ్డలో ఇంత, జమ్మలమడుగులో ఇంత, పులివెందులలో ఇంత అని వరుసగా చెప్పుకొనిపోతాము. అంకెలు సరిగానే ఉంటాయి. కాని వాటిని విన్న రైతు ప్రక్కనున్నవానిని అడిగే ప్రశ్నకు ఆ పట్టికలో సమాధానము దొరకదు. వాన పడినది సరే, పదునైందా అని ఆయన అడుగుతాడు.

కర్నూలు, కడప మండలములలో వానను గూర్చి పుట్టిన మాటలు అనేకము ఉన్నవి. తొలకరించుట, తుంపర పడుట, జడి పట్టుట, ముసురుకొనుట, వెలియుట మొదలైనవన్నీ తెలుగుదేశమంతట ఉన్నవే. "పదునగు" అను ఈ క్రియ మాత్రము మెట్టసేద్యము చేయువారి నోటనే నిండుగా పలుకుతుంది. కాలువల క్రింద నివసించువారికి దీని అర్థము బోధపడుటకు కొంత కాలము పట్టుతుంది. కృష్ణాతీరము నుండి క్రొత్తగా బదిలీపై వచ్చిన మిత్రులొకరు ఒకనాడు మా వ్యవసాయ ప్రసంగములో "పదును వాన" అనుమాట విని, కత్తివలె కోసే వాన కాబోలునని తలచి, పైరుకు ఎంత నష్టము వాటిల్లినదని మమ్ములను ప్రశ్నించినారు. ఆయనకు తెలిసిన పదును కొడవలి అంచున ఉండే పదును. మా రైతులకు తెలిసినది మన్నులో ఉండే పదును. ఈ రెండు పదునులూ ఒకటేనా, ఒకటే అయితే ఎట్లు ఒకటైనవి అనునది మేము ఈనాడు విచారింపదలచిన విషయము. దీనిలో మాటల ముచ్చట కొంత ఉన్నది. మనుష్యుల బ్రతుకు అంతకంటె ఎక్కువగా ఉన్నది.

ముందు వాడుకను చూతాము. జూన్ నెలలో ఒకనాటి రాత్రి ఉరుములతో వాన వచ్చి పోయినది అనుకొందాము. మరునాటి ఉదయము రచ్చకట్టవద్ద ఇద్దరు మాట్లాడుకొంటారు.

"ఏమప్పా, రేత్రి వాన గెట్టిగా పడినట్లుండాదే?"

"పడేదానికేం, పడింది. పదును గాలేదు."

ఈ రెండవ వాక్యములో ఒక శాస్త్రమంత అర్థము ఇమిడి ఉన్నది. వాన పడినది, ఆకాశము తన పని చేసినది. కాని ఆ నీరు వాలు వెంట వంకలోనికి పరుగెత్తినదో, నెరియలలో జారిపోయినదో, ఎండకు ఆవిరియై పోయినదో, మొత్తముమీద గొర్రు కట్టుటకు వలసిన తడి మన్నులో నిలువలేదు. దీనికి భిన్నముగా రెండు దినములు సన్నగా ముసురుపట్టి వదలినప్పుడు, చూచుటకు అది గొప్ప వాన కాకపోయినా, "మంచి పదునైంది" అని సంతోషముగా చెప్పుకొంటారు.

ఇక్కడ వ్యాకరణ విషయము ఒకటి గమనింపదగి ఉన్నది. వాన కురిసినది, వాన పడినది, వాన వెలిసినది అన్నప్పుడు వాక్యమునకు కర్త వాన. పదునైనది అన్నప్పుడు కర్త వాన కాదు. అడిగితే "చేను పదునైంది" అంటారు. చాలవరకు ఏ కర్తనూ చెప్పరు. అనగా, ఇది వానను గూర్చిన క్రియయే అయినా ఆకాశము వంక చూచి పలికినది కాదు. నేల వంక చూచి పలికినది. వాన ఎంత అనునది నేల చెప్పవలెను, మేఘము కాదు అను తీర్పు ఈ వాక్యనిర్మాణములోనే ఉన్నది. పదునైనది, పదును పట్టినది, పదును మీద ఉన్నది, పదును తగ్గినది, చివరకు పదునారినది అని ఒక వాన కథయంతా నేల పక్షము నుండి చెప్పుటకు కావలసిన క్రియలన్నీ ఈ ఒక్క మాట చుట్టును అల్లుకొని ఉన్నవి.

ఇంతేకాదు, ఇది కొలత కూడాను. "ఒక పదును వాన," "రెండు పదునుల వాన" అని లెక్కపెట్టుతారు. "ఈ కారులో మూడు పదునులు కూడా కాలేదు" అని ఒక రైతు అన్నాడంటే, ఆ సంవత్సరపు పంట గతి ఏమిటో వినువారికి వేరుగా వివరింపనక్కరలేదు. దుక్కికి చాలిన పదును వేరు, విత్తుటకు చాలిన పదును వేరు. మడక దిగుటకు వీలైన తడి గింజ మొలచుటకు చాలకపోవచ్చును. తెలుగు రైతు భూమిని పుట్టెడు విత్తనము పట్టు నేల, తూమెడు విత్తనము పట్టు నేల అని గింజలతో కొలిచినవాడు. వానను మన్నుతో కొలుచుట ఆ అలవాటునకు తగినదే.

ఇక మాట పుట్టుక. దీని పూర్వరూపము "పదను." మూడక్షరముల తెలుగు మాటలలో నడిమి అకారము, తుదనున్న ఉకారమును అనుసరించి తానును ఉకారముగా మారుట తరచుగా కనిపించే మార్పు, చెఱకు చెరుకైనది, కఱకు కరుకైనది, అట్లే పదను పదునైనది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, ఆ ఊరిలోనే పండితులను కూర్చుకొని తెలుగు గ్రంథ సంస్కరణకు పూనుకొన్న ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ మాటకు ఇనుమునకు ఎక్కించు పదును, మన్నులోని తడి అను అర్థములను రెంటినీ ఒకేచోట చూపినాడు. రెండును ఒకే మాటయని ఆయన గ్రహించినట్లే. ఎట్లు ఒకటైనవో చెప్పుట నిఘంటుకర్త పని కాదు గనుక అంతటితో విడిచినాడు.

మనము కమ్మరి కొలిమి దగ్గరకు పోయి చూస్తే కొంత తేటపడుతుంది. కమ్మరి కొడవలిని ఎఱ్ఱగా కాల్చి, సాగగొట్టి, నీటిలో ముంచుతాడు. ఎక్కువ కాలితే పెళుసుబారి విరుగుతుంది, తక్కువ కాలితే మెత్తబడి వంగుతుంది. ఆ రెంటికి నడుమ ఇనుమునకు ఒక సరియైన స్థితి ఉన్నది. దానికే పదను అని పేరు. అంచు వాడిగా ఉండుట ఆ స్థితి యొక్క ఫలము. వాడుకలో ఫలమునకే ఆ పేరు అంటుకొన్నది. తోలుపని చేయువారు పచ్చితోలును కుళ్ళక, ఎండి బిఱుసెక్కక నిలుచు స్థితికి తెచ్చుటను తోలు పదును చేయుట అంటారు. అక్కడ వాడి అను అర్థము బొత్తిగా పొసగదు. కుమ్మరి మట్టికి పదును ఉన్నది. సంక్రాంతికి అరిసెలు చేయు ఇల్లాలు నానబోసి వడగట్టిన బియ్యమును పదును మీదనే దంచవలెనని, పదునారితే పిండి పనికి రాదని చెప్పుతుంది. ఇన్నింటిలోను సామాన్యముగా ఉన్నది తడియు కాదు, వాడియు కాదు; చేయబోవు పనికి వస్తువు సిద్ధమై, అటు ఇటు కాక సరిగా కుదిరి ఉండుట. పదునైనది అనగా సిద్ధమైనది అని మేము అర్థము చెప్పుకొంటున్నాము.

సోదర భాషల సాక్ష్యము దీనికి బలము. తెలుగు పకారము కన్నడములో హకారమగుట అందరును ఎరిగినదే. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. ఆ లెక్కను మన పదను వారికి హద. బళ్ళారి, రాయచూరు ప్రాంతముల కన్నడ రైతులు విత్తుటకు తగిన వానను హద మళె అంటారు. తోలును హద చేస్తారు. వంటకు హద కుదిరినదంటారు. తమిళములో పదం అనగా తగిన పాకము, తగిన సమయము. కుండెడు అన్నమునకు ఒక్క మెతుకు పదం చెప్పునని వారి సామెత. తోళ్ళ పరిశ్రమను వారు ఈనాటికిని తోల్ పదనిడుదల్ అంటారు. ఇది మన "పదను ఇడుట"కు అచ్చమైన తోబుట్టువు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ రూపములను ఒకే కుదురున చేర్చినారు. అనగా కమ్మరి, చర్మకారుడు, కుమ్మరి, వంట ఇల్లాలు, రైతు ఈ ఐదుగురును ఒకే మాటను పంచుకొనుట మన మండలముల విశేషము మాత్రమే కాదు. దక్షిణాపథపు పాత ఆస్తి.

చిత్రమేమనగా ఇటువంటి ఊహ దూరదేశములలోను పుట్టినది. జర్మను భాషలో "గార్" అనగా ఉడికినది, సిద్ధమైనది. దానినుండియే తోలు పదును చేయుటకు "గెర్బెన్" అను క్రియ ఏర్పడినది. శుద్ధిచేసిన రాగికి గార్‌కుప్ఫర్ అని పేరు. సేద్యమునకు చక్కగా కుదిరిన నేల స్థితిని వారు బోడెన్‌గారె అంటారు. ఆ భాషకు మన భాషకు చుట్టరికము లేదు. పచ్చితోలును, ముడిలోహమును, ఎండిన మన్నును చేతితో పట్టి చూచినవారికి ఒకే ఆలోచన కలిగినది, అంతే. మన దేశములోనే మహారాష్ట్ర రైతులు వాఫ్‌సా అనియు, పంజాబు రైతులు వత్తర్ అనియు పిలుచునది మన పదునునే. తమిళ గ్రామములలో ఉళవు మళై, అనగా దున్నుటకు చాలిన వాన, అను మాట ఉన్నది. కాలువ లేని చోటనెల్ల వానను నేలతో కొలుచు మాట ఒకటి పుట్టినట్లు కనిపిస్తుంది.

పదును పేరు వచ్చినచోట అదను పేరు రాక తప్పదు. ఈ రెండును జంటమాటలు. అదను కాలమునకు చెందినది, పదును నేలకు చెందినది. రోహిణి, మృగశిర, ఆరుద్ర అని కార్తెలు లెక్కపెట్టుకొనుట అదనును చూచుట. మన్నును పిడికిట పట్టి చూచుట పదునును చూచుట. జూన్ ఏడెనిమిది తేదీలలో మృగశిర ప్రవేశిస్తుంది, పంచాంగము తప్పదు. పదును మాత్రము ఏ పంచాంగములోను లేదు. అదనున్నప్పుడు పదును లేకపోవుట, పదునైననాటికి అదను దాటిపోవుట, ఈ రెండే రాయలసీమ సేద్యపు కష్టమంతయును.

పదును చూచు విధము సులభమైనది. చేనిలో నాలుగైదు తావుల పై మన్ను త్రోసి, లోపలి మన్ను గుప్పెడు తీసి నొక్కుతారు. ముద్ద కట్టకుండ రాలిపోతే పదును చాలదు. ముద్ద కట్టి చేతికి జిగటగా అంటుకొంటే పదును ఎక్కువ. గొర్రు మొరాయిస్తుంది, మన్ను పెళ్ళలు కడుతుంది. ముద్ద నిలిచి, వ్రేలితో తాకగానే విడిపోతే పదును కుదిరినట్లు. తడి ఎంత లోతు దిగినదో బెత్తెడు, జానెడు అని చూచుకొంటారు. ఇందులో వాన కొలతతో పనిలేదు. ఉండినా ప్రయోజనము లేదు. ఏలయన, ఒకే వాన రెండు నేలలలో రెండు విధములుగా పదునౌతుంది.

ఈ మండలములలో ముఖ్యముగా రెండు నేలలు. నంద్యాల, కోయిలకుంట్ల, ఆదోని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రక్కల నల్లరేగడి. దీనిలోని జిగటమన్ను నీరు త్రాగినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకొనిపోయి కాలు దిగబడునంత నెరియలు ఇస్తుంది. వేసవి తరువాత పడిన మొదటి వానలు ఆ నెరియల పాలే. ఎఱ్ఱనేలలో జానెడు దిగు వాన రేగడిలో ఇంచుమించు బెత్తెడే దిగుతుంది. కాని ఒకసారి కడుపునిండ త్రాగినదా, రేగడి ఆ తడిని నెలల తరబడి దాచుకొంటుంది. ఎఱ్ఱనేల స్వభావము దీనికి తలక్రిందులు. చిన్నవానకే పదునౌతుంది, రెండు మూడు దినములు గట్టి ఎండ కాచి గాలి వీచితే ఆరిపోతుంది. అందుచేత ఎఱ్ఱనేలలో వేరుశనగ వేయువాడు పదునైన ఉదయమే కాడి కట్టవలెను. ఎద్దులు లేక ఇంకొకరి జతకై కాచుకొన్న పేదరైతు మూడవనాడు గొర్రు తోలేసరికి పదునారి ఉంటుంది. ఒకే ఊరిలో ఒకే వానకు ఒకని చేను మొలచుట, ప్రక్కవానిది మొలవకుండుట మనము చూస్తూ ఉంటాము. వాన అందరికి సమానమే. పదును సమానము కాదు. ఈనాడు ట్రాక్టరు వచ్చి ఈ తొందరను కొంత తీర్చినది. ట్రాక్టరు కూడా ఊరందరికి ఒక్క దినమే కావలసి వచ్చుట దానితోపాటు వచ్చిన చిక్కు.

ఇట్లు నేల చెప్పిన కొలత ఒక వంక ఉండగా, పాత్రతో వానను కొలుచుట కూడా మన దేశములో మిక్కిలి ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రము సీతాధ్యక్ష ప్రకరణములో జాంగల దేశమునకు 16 ద్రోణముల వాన, అనూప దేశమునకు దానికి ఒకటిన్నర రెట్లు అని చెప్పి, అశ్మక దేశమునకు పదమూడున్నర ద్రోణములని లెక్క ఇచ్చినది. ఆ అశ్మకము గోదావరీ తీరమున, నేటి తెలంగాణపు బోధన ప్రాంతమును కలుపుకొని ఉండినదని చరిత్రకారులు చెప్పుతారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వాన కొలుచు పాత్రను, పలములను, ఆఢకములను వివరించినాడు. అయినను ఈ ఇద్దరును మన్నును మరచిన వారు కారు. కౌటిల్యుడు ద్రోణముల లెక్క చెప్పిన తరువాత, గాలికి ఎండకు వ్యవధి ఇస్తూ దున్నుటకు మూడు అవకాశములు కలిగించు వాన వలన పంట నిశ్చయమని ముగించినాడు. వరాహమిహిరుడు నేలమీద ముద్ర పడునంతటి వాన, లేదా గడ్డికొసలపై బిందువులు నిలుచునంతటి వాన పడిననాటి నుండియే లెక్క ఆరంభింపుమన్నాడు. పాత్రయు, మన్నును ఆ కాలమున ఒకే గ్రంథములో ఉండినవి.

మన శాసనములు మాత్రము నిలిచిన నీటినే కీర్తించినవి. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి, చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను, ఉండగూడని ఆరు దోషములను రాతిపై చెక్కించినాడు. అది జలశాస్త్రమునకు గొప్ప నిధి. కాని చెరువు క్రింద ఉన్న నేలకంటె చెరువు అందని నేలయే ఈ సీమలో ఎప్పుడును ఎక్కువ. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనములలో ఒకటి కడప మండలపు కలమళ్లదే. అయినను ఆ మెట్టనేలను పోషించిన పదునునకు శాసనము వేయించినవారు లేరు. అది నోటిమాటగానే వచ్చినది.

పాత్రయు మన్నును విడిపోయిన కథ ఇంగ్లీషువారి కాలములో స్పష్టమౌతుంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. కచేరీల ఆవరణలలో వానమాపకములు వెలసినవి, అంగుళములు పట్టికలకెక్కినవి. మరుసటి సంవత్సరమే, 1876లో, ధాత నామ సంవత్సరపు మహాక్షామము ఆరంభమైనది. 1878 వరకు అది దక్షిణదేశమును పీడించినది. 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు నడుమ కర్నూలు మండలపు జనములో సుమారు నాలుగవ వంతు తరిగిపోయినది. దత్తమండలములలో అంతటి దెబ్బ తిన్నవి అరుదు.

ఆ క్షామమునకు కొద్ది సంవత్సరముల ముందే ఈ రెండు మండలముల నడుమ కాలువ ఒకటి సిద్ధమై ఉండినదన్న సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఇంగ్లండులో మూలధనము కూర్చుకొన్న మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు నుండి కడప వరకు సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్వినది. కాలువలో నీరు పారినది, కొనువారు కరవైనారు. రైతులు మూఢులని, మార్పునకు లొంగరని ఆనాటి దొరలు కొందరు విసుగుకొన్నారు. మాకు తోచునది వేరు. ఆ కాలువ చాలదూరము నల్లరేగడి నడుమ పోతుంది. మామూలు సంవత్సరములలో రెండు మూడు మంచి పదునులతో రేగడి జొన్నను, ప్రత్తిని తానే పండించుకొంటుంది. ఆ నేలకు పారుదల నీరు పెట్టితే ఊబియై పదును మించిపోతుంది. పైగా నీటితీరువ కట్టవలెను. పదును తెలిసినవాడు ఆ నీటిని కొనుటకు సందేహించుటలో వింత ఏమున్నది? కంపెనీ లెక్కలలో నీరు ఘనపుటడుగులలో ఉన్నది. పదును అను పద్దు లేదు. క్షామము ముంచుకొని వచ్చిన సంవత్సరములలో ఆ కాలువ నీటికి గిరాకి పెరిగినమాట నిజమే. అయినను కంపెనీ నిలువలేదు; 1882లో ప్రభుత్వము దానిని కొనివేసినది. ఎఱ్ఱనేలలు గల ఎగువ గ్రామములకు అది ఎట్లును అందలేదు.

పదును విలువను ప్రభుత్వశాస్త్రము గుర్తించుటకు మరి కొంత కాలము పట్టినది. నంద్యాలలో 1906లో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము వెలసి, మెట్టకు తగిన జొన్న, ప్రత్తి వంగడములను వెదకినది. 1930ల దశకములో షోలాపురము, బీజాపురము, రాయచూరు, బళ్ళారి దగ్గరి హగరి, రోహ్‌తక్ అను ఐదు తావులలో మెట్టసేద్యపు పరిశోధన కేంద్రములు పనిచేసినవి. వాలుకు అడ్డముగా గట్లు వేయుట, వేసవిలో గుంటక తోలి పైమన్ను పొడి చేసి ఉంచుట, మొక్కలను ఎడమెడముగా వేయుట అని అవి చెప్పిన ఉపాయములన్నిటి సారమును మా రైతు ఒక్కమాటలో చెప్పగలడు: పదును నిలుపుకొనుట. గుంటక తోలితే పదును ఆరదని ఆయన తాతకును తెలుసు. ఎందుకు ఆరదో, నేల నుండి తడి పైకి ఎక్కు సన్నని దారులు ఎట్లు తెగుతవో శాస్త్రజ్ఞులు చెప్పినారు. ఇచ్చిపుచ్చుకొనుట మంచిదే.

మాట విషయములో గొప్ప ఉపకారము 1962లో జరిగినది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వములో మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము వెలువడినది. అది పూర్తిగా వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. పండితుల కావ్యములను కాక, పల్లెలలో కాపుల నోటినుండి మాటలను సేకరించి, ఏ మాట ఏ ప్రాంతమున ఎట్లు పలుకుతున్నదో చూపిన గ్రంథమది. మడక అను ప్రాంతమేది, నాగలి అను ప్రాంతమేది, గొర్రులోని జడ్డిగమును ఎక్కడ ఏమంటారు అని తెలిసికొనగోరువారు నేటికిని దానినే ఆశ్రయించవలెను.

ఇంక వర్తమానము. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చిన మీదట అంగుళములు పోయి మిల్లీమీటర్లు వచ్చినవి. పాత్ర మారలేదు, గీతలు మారినవి. రెండున్నర మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖవారు దానిని వర్షపు దినముగా లెక్కిస్తారు. జూన్ ఎండలో రెండున్నర మిల్లీమీటర్లు ధూళి అణచుటకే చాలదు. విభజనకు పూర్వపు కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 670 మిల్లీమీటర్లు, కడపది సుమారు 700. ఈ మొత్తములో పెద్దభాగము నాలుగైదు గట్టి వానలలోనే పడిపోవచ్చును. అప్పుడు లెక్క నిండుతుంది, చేను నిండదు. సగటు వర్షపాతము నమోదైనదన్న కారణమున కరవు జాబితాలో చేరని మండలములు, ఆ మండలములలో గింజ చేతికి రాని రైతులు ఉండుట ఇందువలననే. వాతావరణమును బట్టి చెల్లించు పంటల బీమాలో సైతము మాపకములోని అంకెయే ప్రమాణము.

2016లో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ వెలువరించిన కరవు నిర్వహణ నియమావళిలో ఈ విషయమున ఒక ముందడుగు పడినది. వర్షపాతపు లోటు, వానల నడుమ విరామము మాత్రమే కాక, పైరుకు అందుబాటులో ఉన్న నేలతేమ శాతమును కూడా ఒక సూచికగా దానిలో చేర్చినారు. మా భాషలో చెప్పవలెనంటే పదును ప్రభుత్వపు కాగితములకెక్కినది. కాని అది రెండవ మెట్టు. మొదటి మెట్టయిన వర్షపాతపు పరీక్షలో నెగ్గితేనే నేలతేమను పరిశీలిస్తారు. మొదట మన్నును చూచి తరువాత మాపకమును చూచుట రైతు పద్ధతి. ప్రభుత్వ పద్ధతి ఇంకను తారుమారుగానే ఉన్నది. ఉపగ్రహముల ద్వారా నేలతేమను అంచనా కట్టుటయు, చేలలో తేమమాపకములు పాతుటయు వచ్చిన ఈ కాలములో ఈ వరుస మార్చుట అసాధ్యమని మేము అనుకొనము.

మాట క్షీణించినదా అంటే, పూర్తిగా లేదు. కర్నూలు, అనంతపురము దినపత్రికల జిల్లా పుటలలో వానకాలము వచ్చినదంటే "పదును వర్షం" అను శీర్షిక తప్పక కనబడుతుంది. "దుక్కి పదును," "విత్తు పదును" అను విభేదములు మాత్రము పెద్దల నోటనే మిగిలినవి. పాఠ్యపుస్తకములలోని పదును బుద్ధికి, కత్తికి సంబంధించినదే. పట్టణములో చదివిన పిల్లవాడు సెలవులకు ఊరికి వచ్చి "చేను పదునారింది" అని తాత అంటే తెల్లబోవుట సహజము.

కర్నూలు మండలపు రేగడిచేలలో ఇటీవలి మూడు దశాబ్దములలో శనగపైరు విరివిగా వ్యాపించినది. దీనిని అక్టోబరు, నవంబరు నెలలలో వానలు వెనుకబట్టిన తరువాత విత్తుతారు. ఆరుద్ర నుండి హస్త, చిత్తల వరకు పడిన వానలను త్రాగి రేగడి దాచుకొన్న తడియే దానికి పెట్టుబడి. విత్తిన పిమ్మట ఒక్క చినుకు రాలకపోయినను, రాత్రి మంచు తోడై, పైరు పూచి కాయ పట్టుతుంది. డిసెంబరులో ఆ చేల గట్టున నిలిచి చూస్తే నేల పైన బూడిదవలె పొడిగా ఉంటుంది. కాలితో ఒక పెళ్ళను తొలగించితే, దాని అడుగున జానెడు లోతున మన్ను ఇంకను నల్లగా, చల్లగా, వ్రేళ్ళను అంటుకొని ఉంటుంది.